నూట పాతిక మీద ఆగిన చక్రం

బీరువా అద్దం భళ్ళున పగిలిన చప్పుడు కింద కెమెరా షాపు దాకా వినిపించింది. చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కింద పెట్టడం కూడా మరిచిపోయి పిట్ట మెట్లెక్కి పరుగెత్తింది.

గది మధ్యలో అన్న నిలబడి ఉన్నాడు. కెమెరా స్టాండు మూడు కాళ్ళూ దగ్గరికి ముడిచి దుడ్డుకర్రలా పట్టుకున్నాడు. ఇనప బీరువా బార్లా తెరిచి ఉంది, దాని అద్దం ముక్కలై నేలంతా పరుచుకుంది. నిన్నటిదాకా దుప్పట్ల కింద దాక్కున్న కెమెరా పెట్టెలన్నీ ఇప్పుడు మంచం మీదికి వచ్చాయి. ప్రతి పెట్టెకీ మూత అంచున ఉండే గుండ్రటి కంపెనీ సీలు ఒక పక్కకి లేచి వేలాడుతోంది.

వదిన కిటికీలు మూస్తోంది. ఈ ఇంట్లో గొడవ మొదలైతే ఆవిడ చేసే మొదటి పని అది. ముందు కిటికీలు, తరవాత మెట్ల తలుపు, ఆ తరవాతే మొగుడి వంక చూడడం. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఎవరూ చెప్పకుండా నేర్చుకుంది.

"ఎవరు విప్పారు?" అన్నాడు అన్న.

అరవలేదు. అతను అరుస్తున్నంతసేపూ ఫరవాలేదు, గొంతు తగ్గించాడంటేనే ఎవరికో మూడిందని లెక్క.

ఆ ప్రశ్న వేసింది కుర్చీలో కూర్చున్న నాన్నని. పోయిన వారం మెట్ల మీద అన్న తోసిన తోపుకి పక్కటెముక విరిగి, ఛాతీ చుట్టూ కట్టుతో కూర్చున్న నాన్నని. "తోయలేదండీ, చెయ్యి తగిలింది" అని అన్న డాక్టరుకి చెప్పాడు. డాక్టరు నమ్మినట్టే తలూపి, తరవాత పిట్టని పక్కకి పిలిచి, "ఇంకో దెబ్బ తగిలితే ఆ ఎముక ముక్క ఊపిరితిత్తిలోకి దిగుతుంది. అప్పుడిక నా దగ్గరికి తీసుకురానక్కర్లేదు" అన్నాడు. ఆ మాట అప్పట్నించీ పిట్ట చెవుల్లోంచి పోవడంలేదు.

నాన్న మాత్రల మత్తులో నెమ్మదిగా తలెత్తి కొడుకు వంక చూశాడు. నోరు తెరవబోయాడు.

"నేనే" అంది పిట్ట గుమ్మంలోంచి.

అన్న ఇటు తిరిగాడు. స్టాండు కూడా అతనితోపాటు ఇటు తిరిగింది.

విప్పింది పిట్ట కాదు. ఆ పెట్టెల మీద ఆమె వేలు కూడా పడలేదు. కానీ విప్పిందెవరో గుమ్మంలో అడుగు పెట్టగానే ఆమెకి తెలిసిపోయింది. మంచం చివర మూత తెరిచి ఉన్న పెట్టెలో కెమెరా కనిపిస్తోంది. దాని నెత్తి మీద వేగం మార్చే చక్రం నూట పాతిక అంకె మీద ఉంది.

కంపెనీ నుంచి కొత్తగా వచ్చే కెమెరాకి ఆ చక్రం ఎర్ర అక్షరం మీద ఉంటుంది. నాన్న చెయ్యి పడినదానికి మాత్రమే నూట పాతిక మీద ఉంటుంది. ఇంట్లోకి వచ్చిన ఏ కెమెరానీ ఆయన పెట్టెలో ఉండనివ్వడు. "పెట్టెలో పడుకోబెడితే మూగబోతుందమ్మా" అంటాడు. బయటికి తీసి, తోలు గుడ్డతో తుడిచి, చెవికి ఆనించుకుని ఒక్కొక్క వేగంలో మీట నొక్కి వింటాడు. విని "ఉంది" అనో, "పోయింది" అనో ఒక్క మాట అంటాడు. ఆ తరవాత చక్రాన్ని నూట పాతిక మీద ఆపి లోపల పెడతాడు. లోపలి స్ప్రింగుకి అదే విశ్రాంతి అని ఆయన నమ్మకం. ఈ కొత్త డిజిటల్ కెమెరాలో ఆ స్ప్రింగే లేదు నాన్నా అని పిట్ట ఎన్నిసార్లు చెప్పిందో. "లేకపోతే మాత్రం? మర్యాద మర్యాదేగా" అన్నాడాయన.

దుప్పటి కోసం బీరువా తెరిచి ఉంటాడు. మూగగా పడి ఉన్న ఇన్ని కెమెరాల్ని చూసి తట్టుకోలేకపోయి ఉంటాడు. సీళ్ళు కూడా చింపలేదు, బ్లేడుతో అంచులు లేపాడు. ఆయన చేతిలో ఏదీ చిరగదు.

రిపేరు బెంచీ కింద ఆడుకుంటూ పెరిగిన అన్నకీ ఈ సంగతులన్నీ తెలుసు. ఒక్క కెమెరా చేతిలోకి తీసుకుని నెత్తి మీద చూశాడంటే ఇక చెప్పేదేం లేదు. కానీ అతను చూస్తున్నది పెట్టెల్ని, పెట్టెల మీది సీళ్ళని. కెమెరాని చూడడం మానేసి చాలా కాలమైంది.

పిట్ట వచ్చి మంచం అంచున కూర్చుంది. వెనక్కి చెయ్యి పెట్టి, తెరిచి ఉన్న పెట్టె మూత మెల్లగా దించింది.

"ఎందుకు విప్పావ్?"

"పెట్టెలో ఉంచితే..." అనబోయి నాలిక కరుచుకుంది. అది నాన్న మాట. "కింద రోజూ వచ్చి అడుగుతున్నవాళ్ళకి ఇచ్చేద్దామని" అంది.

అన్న నవ్వాడు. వదిన వంక తిరిగి, "విన్నావా? ఇచ్చేస్తుందట. దానకర్ణుడికి చెల్లెలున్నట్టు నాకు ఇవాళే తెలిసింది" అన్నాడు.

"వాళ్ళకోసమే కదా కంపెనీ పంపింది. పేర్లు రాసుకున్నాం. ఆ టీచరుగారు ఎన్నాళ్ళనించి తిరుగుతున్నారు? ఆ అమ్మాయి రోజూ కాలేజీ అయ్యాక వచ్చి, షోకేసులో ఉన్నదాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకుని వెళ్ళిపోతోంది. మొన్న ఒక కుర్రాడు స్టూలెత్తి మన షోకేసు అద్దం పగలగొట్టాడంటే ఊరికే కొట్టాడా? లేదు లేదని మనం అబద్ధం చెబుతున్నామని వాడికి ఎవరో చెప్పారు."

"వాడి పళ్ళు రాలగొట్టాను కదా. మళ్ళీ వచ్చాడా?"

"రాడు. కేసు పెడతాడు."

వదిన మెట్ల తలుపు గడియ వేసి వచ్చి ఇద్దరికీ మధ్యలో నిలబడింది. ఆవిడకి కొట్టుకోవడం ఇష్టముండదు, అమ్ముకోవడం ఇష్టం. ఇన్నేళ్ళుగా కౌంటరులో కూర్చున్నది ఆవిడే.

"చూడు పిట్టా. ఫొటోలకైతే ఫోను చాలు, అది ఇంతకన్నా బాగా తీస్తుంది. ఆ సంగతి కొనేవాళ్ళకీ తెలుసు. దీన్ని మెళ్ళో వేసుకోవడానికి కొంటున్నారు. పైన వెండి రంగు, చుట్టూ నల్ల తోలు, పాత ఫొటోలో తాత మెళ్ళో ఉన్నదానిలా ఉంటుంది. చక్రం తిప్పితే టక్ మంటుంది. ఆ టక్ కోసం కొంటున్నారు. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఇది దొరకదు. అందరికీ దొరికిన రోజున ఎవరికీ అక్కర్లేదు."

"మన బీరువాలో ఉన్నాయిగా వదినా, దొరక్కపోవడమేంటి?"

"బీరువాలో ఉన్నాయి కాబట్టే ధర ఉంది. షోకేసులో పెడితే కంపెనీ రేటు. దాస్తే రెండింతలు. సీలు కదలకుండా ఉంటే ఆ పైన ఎంతంటే అంత. సీలు ఊడిందనుకో, ఎవరో వాడి పారేసిన పాత సామాను. కెమెరా అదే, ఇంకా పెట్టె దాటలేదు కూడా. అయినా పాతదే."

"పాతదిలా ఉండాలి గానీ పాతది కాకూడదు, అంతేనా?"

"అంతే. ఇప్పటికి అర్థమైంది నీకు."

వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ పిట్ట కుడి చెయ్యి వీపు వెనక పనిచేస్తూనే ఉంది. ఒక పెట్టె మూత కింద వేళ్ళు దూర్చింది, చక్రాన్ని అరచేత్తో కప్పి చప్పుడు బయటికి రాకుండా ఎర్ర అక్షరం మీదికి తిప్పింది. దాని పక్క పెట్టెలో కూడా తిప్పింది. అన్నీ అలా తిప్పేస్తే నాన్న గుర్తు చెరిగిపోతుంది. మూడోదాని దగ్గర అరచెయ్యి కాస్త జారింది.

టక్.

వేలమంది ముచ్చటపడి డబ్బు పోసి కొనుక్కుంటున్న టక్ అది. గదిలో అందరికీ వినిపించింది.

"ఇంకా కెలుకుతున్నావా?" అన్నాడు అన్న.

స్టాండు మంచం మీద పారేసి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. లాగిన లాగుకి పిట్ట మోకాళ్ళ మీద గాజుముక్కల్లో పడింది. అలాగే బీరువా దాకా ఈడ్చుకెళ్ళాడు. ఆమె వేళ్ళని బీరువా అంచుకి ఆనించి, రెండో చేత్తో ఇనప తలుపు లాగి మూశాడు.

తలుపు మూసుకోలేదు. మధ్యలో వేళ్ళున్నాయి. అందుకని మళ్ళీ తెరిచి మళ్ళీ వేశాడు.

పిట్ట అరుపు ఆమెకే వినిపించలేదు. వదిన కిటికీ వైపు చూడడం మాత్రం కనిపించింది. అన్నీ మూసే ఉన్నాయి.

"ఒరేయ్, వదలరా దాన్ని" నాన్న కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. లేవలేక మళ్ళీ కూలబడ్డాడు. "నేనేరా విప్పింది. నేను విప్పాను. అది కాదు."

అన్న ఆగి ఆయన వంక చూశాడు. పిట్టకి చేతి నొప్పి కన్నా ఆ చూపుకే ప్రాణం పోయినంత పనైంది.

"చూశావా ముసలాయన్ని" అన్నాడు అన్న పెళ్ళాంతో. "కూతురి మీద ఈగ వాలనివ్వడు. దాని తప్పు తన నెత్తినేసుకుంటున్నాడు. నా తప్పు ఒక్కటైనా ఎప్పుడైనా వేసుకున్నాడా?"

నిజం చెప్పినందుకే నాన్న ఆ పూటకి బతికిపోయాడు. పిట్ట కళ్ళు మూసుకుంది.

*

వదిన తడిగుడ్డ తెచ్చి పిట్ట చేతికి చుట్టింది. మధ్య మూడు వేళ్ళూ ఉండాల్సిన వైపు లేవు. చూపుడు వేలు గోరు ఊడి బీరువా దగ్గరే ఉండిపోయింది. గుడ్డ చుడుతున్నంతసేపూ వదిన ఆమె ముఖంలోకి చూడలేదు.

"ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాడు నాన్న.

"ముందు దళారీ వచ్చి వెళ్ళనీ" అన్నాడు అన్న. "వచ్చే వేళయింది."

ఆ దళారీ వీధిలో ఎవరికీ తెలియనివాడు కాదు. ఎక్కడ ఏ సామానుకి కరువొస్తే అక్కడ వాలతాడు. ఈ ఏడాది ఈ కెమెరాలు. సీలు పెట్టెలు తప్ప ముట్టుకోడు. పక్క బజారులో ఒకతను సీలు మళ్ళీ అతికించిన పెట్టె ఒకటి కలిపేసి ఇస్తే, దళారీ కారు డ్రైవరు అతని మోచెయ్యి వెనక్కి విరిచి వెళ్ళాడు. అతను ఇప్పటికీ ఎడమచేత్తోనే తింటున్నాడు.

"సీళ్ళు అతికించాలి" అన్నాడు అన్న. "చిరగలేదు, అంచులు లేచాయంతే. కింద వేడిగాలి మిషనుంది, పట్టకారుంది. పిట్ట కెమెరాకి తోలు అతికిస్తే ఫ్యాక్టరీ వాడు కూడా కనిపెట్టలేడు. లే, పిట్టా. నీ తప్పు నువ్వే దిద్దుకో."

పిట్ట లేవలేదు. అన్న మరోసారి "లే" అనబోయి ఆమె ఒళ్ళో ఉన్న గుడ్డ వంక చూశాడు. తెల్లగుడ్డ అప్పటికే ఎర్రబడింది.

"ఏ చెయ్యి?" అన్నాడు.

"కుడి చెయ్యేనండీ" అంది వదిన. ఆవిడ గొంతులో ఏ భావమూ లేదు. "మీకు కావలసిన చెయ్యే."

అన్న తన రెండు చేతుల వంకా చూసుకున్నాడు. బజారులో అందరూ అతన్ని షోకేసు అంటారు, ఎప్పుడూ ముందు నిలబడి మెరవడమే గానీ లోపలేం లేదని. ఆ పేరు ఎంత సరిగ్గా పెట్టారో ఆ క్షణంలో చూసినవాళ్ళకి తెలిసేది.

తనే మొదలుపెట్టాడు. మిషను తెచ్చి, వేడిగాలి కొట్టి, గోటితో సీలు నొక్కాడు. అది ముడుచుకుని ఎండుటాకులా చుట్టుకుపోయింది. రెండోది వదినకి ఇచ్చాడు. ఆవిడ అతికించింది గానీ వంకరగా పడింది. సరిచెయ్యబోతే సగానికి చిరిగింది.

పిట్టకి నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి సలిపింది, అయినా ఆపుకోలేకపోయింది.

అన్న చేతి వెనక వైపుతో వదిన చెంప మీద కొట్టాడు. నవ్వింది పిట్ట, తగిలింది వదినకి. ఆవిడ చెంప పట్టుకుని, ఏం జరగనట్టు మూడో పెట్టె అందుకుంది. అలా కొట్టించుకుని అలా పనిలోకి దిగడం చూసి పిట్టకి ఒళ్ళు మండిపోయింది.

"నువ్వెప్పుడు తిరగబడతావు వదినా?"

"నువ్వు తిరగబడి ఏం సాధించావు?" అంది వదిన, తల ఎత్తకుండా.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. అన్న దుప్పటి లాగి పెట్టెల మీద కప్పాడు. దుప్పటి చాలక రెండు పెట్టెలు బయటే ఉండిపోయాయి. వదిన వెళ్ళి గడియ తీసింది.

*

దళారీ సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి మరీ లోపలికి వచ్చాడు. వెనకే వచ్చిన డ్రైవరు విడవలేదు. అతని బూట్ల కింద గాజుముక్కలు పటపట విరిగాయి. వదిన మళ్ళీ గడియ వేసింది.

"పెద్దాయనా, ఆరోగ్యం ఎలా ఉంది?" అని నాన్నని పలకరించాడు దళారీ. "మిమ్మల్ని చూసి ఎన్నాళ్ళయిందో. నా చిన్నప్పుడు మా నాన్న కెమెరా మీ దగ్గరే బాగుచేయించేవాడు."

నాన్న తలూపాడు. దళారీ పిట్ట చేతి వంక, వదిన చెంప వంక, నేల మీది అద్దం వంక వరసగా చూశాడు. దేని గురించీ అడగలేదు. దుప్పటి ఎత్తాడు.

ఒక పెట్టె తీసి వెలుతురులో తిప్పి చూశాడు. ఇంకోటి చూశాడు. ముడుచుకుపోయిన సీలుని వేలితో మీటాడు.

"తమ్ముడూ, ఇదేంటి?"

"గురూ, నేను చెబుతా విను..."

డ్రైవరు కొట్టిన దెబ్బ అన్న నోటి మీద పడింది. మాట అక్కడే ఆగింది. రెండో దెబ్బ కడుపులో పడింది. అన్న మంచం కోడు పట్టుకుని వంగిపోయాడు. ఇంతసేపూ ఇంట్లో పులిలా తిరిగినవాడు, కుయ్యిమన్నాడు.

"నేను కాదు. అది విప్పింది. అదిగో, దాన్ని అడగండి. వేళ్ళు కూడా విరగ్గొట్టాను, చూడండి" అన్నాడు నెత్తుటి నోటితో, చెల్లెలి వంక చెయ్యి చూపిస్తూ.

డ్రైవరు పిట్ట వైపు రెండడుగులు వేశాడు. పిట్ట గోడకి ఆనుకుని, కట్టు కట్టిన చెయ్యి వెనక్కి దాచుకుంది. అది దాచితే రెండోది విరుస్తారని అప్పుడు తట్టింది.

"ఆగు" అన్నాడు దళారీ.

అతని చేతిలో కెమెరా ఉంది. పెట్టెలోంచి బయటికి తీశాడు. నాన్న తరవాత ఆ ఇంట్లో ఒక కెమెరాని బయటికి తీసి చూసిన మొదటి మనిషి అతనే. నెత్తి మీద చక్రాన్ని చూశాడు. ఇంకో పెట్టెలోది తీసి చూశాడు, మూడోది చూశాడు. ముఖంలో ఏదో మెత్తబడింది.

"నూట పాతిక" అన్నాడు. "మా నాన్న కెమెరా ఇక్కణ్ణించి వచ్చినప్పుడల్లా ఇలాగే ఉండేది. ఇది ఆ అమ్మాయి పని కాదు తమ్ముడూ. ఇది పెద్దాయన చెయ్యి."

అన్న నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. దళారీ చేతిలోని కెమెరా వంక చూశాడు. తరవాత నాన్న వంక చూశాడు. ఆ రెండు చూపుల మధ్య చిన్నప్పటి బెంచీ, దాని కింద గడిపిన సాయంకాలాలు అన్నీ గుర్తొచ్చే ఉంటాయి. గుర్తొచ్చి అతను చేసిన పని, మంచం మీది స్టాండు అందుకోవడం.

"నువ్వా" అన్నాడు. "నిజంగా నువ్వేనా?"

"చెప్పాను కదరా నాయనా" అన్నాడు నాన్న. "మూగబోతాయిరా అవి."

స్టాండు లేచింది. పిట్ట పరుగున వచ్చి నాన్న కుర్చీకి అడ్డంగా పడింది. స్టాండు కాలు ఆమె భుజం మీద దిగింది, ఎముక దాకా దిగినట్టనిపించింది. అయినా కదల్లేదు. అన్న ఎడమచేత్తో ఆమె జుట్టు పట్టి పక్కకి లాగేశాడు. మళ్ళీ స్టాండు ఎత్తాడు. ఈసారి మధ్యలో ఎవరూ లేరు. నాన్న ఛాతీ మీద తెల్లటి కట్టు ఎదురుగా ఉంది.

"దించు తమ్ముడూ" అన్నాడు దళారీ. "నా సామాను పగలగొట్టకు."

"నీ సామాను మంచం మీదుంది."

"పెట్టెల సంగతి వదిలెయ్. సీలు పెట్టెలు ఇప్పుడు ప్రతివాడి దగ్గరా ఉన్నాయి." దళారీ కెమెరాని అరచేతిలో తూకం వేస్తున్నట్టు ఆడించాడు. "జనానికి ఇది ఎందుకు నచ్చిందో ఆలోచించావా ఎప్పుడైనా? తాతల నాటిదానిలా ఉంటుందని. కానీ మొన్న ఫ్యాక్టరీలో పుట్టిందని వాళ్ళకి తెలుసు. ఆ ఒక్క వెలితీ ఉండిపోయింది. ఇప్పుడు నిజంగా ఆ కాలపు మనిషి ఒకాయన, ఒక్కొక్క కెమెరానీ చెవి దగ్గర పెట్టుకుని విని, తన గుర్తు మీద ఆపి ఇచ్చాడనుకో. ఆయన కెమెరా వింటున్న ఫొటో ఒకటి పెట్టెలో పెట్టామనుకో. సీలు పెట్టెకి రెండింతలిచ్చేవాడు దీనికి నాలుగింతలిస్తాడు. వెలితి తీరిపోతుంది కదా."

వదిన తల ఎత్తి చూసింది. కౌంటరు మనిషికి ఆ మాట చటుక్కున ఎక్కింది.

"ఆయన్ని నాతో పంపు" అన్నాడు దళారీ. "గోడౌనులో గది ఉంది. కుర్చీ వేస్తాను. రోజూ కెమెరాలు పంపుతుంటాను, వింటూ కూర్చుంటాడు. ఆయనకీ అదే కదా ఇష్టం."

"ఆయనకి పక్కటెముక విరిగింది" అంది పిట్ట నేల మీద నుంచి. "కదపకూడదన్నారు. ఆసుపత్రిలో ఉండాల్సిన మనిషి."

ఆమె మాట ఎవరూ విన్నట్టు లేదు.

అన్న చేతిలో స్టాండు గాల్లోనే ఉంది. తరవాత మెల్లగా కిందికి దిగింది. పిట్టకి ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, వీడికి తండ్రి గుర్తొచ్చాడనిపించింది. కన్నీళ్ళు కూడా వచ్చాయి.

అన్న స్టాండుని మంచానికి ఆనించాడు. నోటి నెత్తురు చొక్కా చేతికి తుడుచుకున్నాడు. నాన్న భుజం మీద చెయ్యేశాడు, షోకేసులో ఉన్న సామాను మీద వేసినట్టు.

"ఎంతిస్తావ్?" అన్నాడు.

స్టాండు పిట్ట పక్కనే ఉంది. ఎడమచేత్తో అందుకోవడం ఆమెకి గుర్తుంది, ఎత్తడం గుర్తుంది, తరవాతది గుర్తులేదు. ఎడమచేత్తో ఏ పనీ సరిగ్గా చెయ్యలేని మనిషి, ఆ ఒక్క దెబ్బ మాత్రం సరిగ్గా కొట్టింది. స్టాండు తల అన్న కణత మీద తగిలింది. అతను పక్కకి తూలి, తెరిచి ఉన్న బీరువా తలుపు అంచుకి తల కొట్టుకుని, మిగిలిన అద్దంతో సహా కింద పడ్డాడు.

పడ్డవాడు లేవలేదు.

దళారీ చేతిలోని కెమెరాని మంచం మీద పెట్టేశాడు. "నేను ఇవాళ ఇటు రాలేదు" అన్నాడు డ్రైవరుతో, అందరికీ వినిపించేలా. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి చేత్తో పట్టుకున్నాడు.

వదిన లేచి మెట్ల తలుపు దగ్గరికి వెళ్ళింది. అలవాటుగా గడియ మీదికి వెళ్ళిన చెయ్యి అక్కడ ఆగింది. గడియ తీసి, తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచింది. దళారీ, డ్రైవరు ఆవిడ పక్కనుంచి దిగి వెళ్ళిపోయారు. ఆవిడ అక్కడే నిలబడి, "ఎవరైనా రండి" అని వీధి వైపు కేకేసింది. ఆ ఇంట్లో ఆవిడ గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు.

నాన్న కుర్చీలోంచి లేచాడు. ఇందాక లేవలేనివాడు ఎలా లేచాడో తెలియదు. ఒక చేత్తో పక్కటెముకలు అదిమి పట్టుకుని, గాజుముక్కల మీదే నడిచి, కొడుకు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. ఒక్క గుండీ కూడా తెగలేదు. వంగి, ఛాతీకి తన కుడి చెవి ఆనించాడు.

"నాన్నా" అంది పిట్ట. స్టాండు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "నాన్నా, చెప్పు. ఏమంటోంది?"

నాన్న వేలెత్తి మాట్లాడొద్దన్నాడు. మరీ మెల్లగా పలికే కెమెరాలప్పుడు ఆయన అలాగే వేలెత్తి అందరి నోళ్ళూ మూయిస్తాడు. విన్న వెంటనే ఉందనో, పోయిందనో చెప్పి చెవి తీసేస్తాడు.

ఈసారి ఆయన ఏమీ చెప్పలేదు. మెట్ల మీద ఎవరివో అడుగులు వినిపిస్తున్నాయి. ఎత్తిన వేలు అలాగే ఉంది. నాన్న చెవి తియ్యలేదు.